రాతి మీద ఇరవై మూడు పేర్లు

ఆ రోజుల్లో భూలక్ష్మికి అన్నిటికన్నా ఎక్కువ భయం తన పేరంటేనే. పాము, వాగు, పోలీసు జీపు, బిడ్డ ఒళ్లు వేడెక్కడం, ఇవన్నీ దాని తర్వాతే. ఎర్రవాగుపల్లెలో కొత్తగా కట్టిన పోలీసు ఔట్‌పోస్టు గోడకు ఒక శాబాదు బండ బిగించి ఉంది. దాని మీద ఇరవై మూడు మంది ఆడవాళ్ల పేర్లు చెక్కి, నల్లరంగు నింపారు. అట్టడుగున విడిగా ఒక వరుసలో ఉన్న పేరు ఆమెది. అడవిలో ఉన్న నక్సలైట్లను ఆ ఊళ్లో అందరూ అన్నలనే అంటారు. ఆ అన్నల్లో ఒకరు ఏదో ఒక రోజు ఆ గోడ ముందు నిలబడి, పై నుంచి కింది దాకా చదివి, ఈ భూలక్ష్మి ఎవరని అడుగుతారు. అప్పుడు చంకలో పద్నాలుగు నెలల బిడ్డతో నిలబడి ఏమని జవాబు చెప్పాలో ఆమెకు తెలియదు. ఎందుకంటే ఆ పేర్లన్నీ కాగితం మీద రాసిచ్చింది ఆమే.

గంభీరావుపేట నుంచి ఆ ఊరికి మట్టిబాట ఉంది. అది ఎర్రవాగు దాకా వచ్చి ఆగుతుంది, వాగు దాటాక మళ్లీ మొదలవుతుంది. వానాకాలంలో ఆ రెండు ముక్కల నడుమ ఎర్రనీళ్లు తప్ప ఏమీ ఉండవు. ఊళ్లో సాలెవాడ పెద్దది. చేతిమగ్గాలు ఒక్కొక్కటే మూలపడ్డాక మగవాళ్లు సిరిసిల్లకు పోయి పవర్‌లూమ్‌ల మీద కూలికి చేరారు. పదిహేను రోజులకోసారి వచ్చి, కడుపునిండా ఒకపూట తిని, నిద్రపోయి, మళ్లీ పోతారు. భూలక్ష్మి మొగుడు రాజమౌళి కూడా అంతే. ఆడవాళ్లు గడపల దగ్గర చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తారు.

భూలక్ష్మి బోయినపల్లి దిక్కు నుంచి వచ్చిన కోడలు. ఏడో తరగతి సగంలో ఉండగా తల్లి మంచాన పడింది, తల్లి ఒళ్లోని చాట కూతురి ఒళ్లోకి వచ్చింది. బడి అక్కడితో అయిపోయింది గాని అక్షరాల మీద మోజు పోలేదు. సరుకులు కట్టిచ్చిన కాగితం ముక్కను కూడా మడత విప్పి చదివాకే పొయ్యిలో వేసేది. వాడలో ఎవరింటికి ఉత్తరం వచ్చినా ఆమె గడపకే తెచ్చేవాళ్లు. చదివి చెప్పేది, జవాబు రాసిపెట్టేది, ఎవరి గుట్టు వాళ్లకే అప్పజెప్పేది.

బిడ్డ పుట్టిన రోజు మాత్రం ఏ అక్షరమూ అక్కరకు రాలేదు. ఆ రోజు పొద్దటి నుంచి ముసురు. కాన్పు కష్టమయ్యేలా ఉందని నలుగురు మంచం మీద మోసుకుని దవాఖానకు బయలుదేరారు. వాగు దగ్గరికి వచ్చేసరికి నీళ్లు ఒడ్డు మీదికి వచ్చేశాయి. మంచం మోసినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఊరి మంత్రసాని లసుమవ్వ మంచం అక్కడే దించమంది. మగవాళ్లను దూరం పొమ్మని, నలుగురు ఆడవాళ్ల చేతికి నాలుగు చీరలిచ్చి గోడల్లాగ పట్టించింది. మిట్టమధ్యాహ్నం, ముసురులో, చీరల నడుమ బిడ్డ భూమ్మీద పడింది. లసుమవ్వ బిడ్డను తన కొంగుతో తుడుస్తూ, ఎవరితోనూ కాకుండా వాగుతోనే అన్నట్టుగా అంది: "నాకు మందులు వద్దు, మాకులు వద్దు. నాలుగు గోడలు, ఒక లైటు ఉంటె చాలు. తక్కింది నేను జూసుకుంట."

ఆ మాట భూలక్ష్మి చెవిలో ఉండిపోయింది.

ఊరి పోస్టాఫీసు అనంత్ రావు ఇంటి ముందరి గదిలో ఉండేది. ఒకప్పుడు ఆ గదిలోనే ఆయన తండ్రి కూర్చుని పంచాయితీలు చెప్పేవాడు, జనం చెప్పులు చేతపట్టుకుని బయట నిలబడేవాళ్లు. అన్నల కూలీ సంఘాలు వచ్చిన ఏడాది ఆ పెద్దాయన పోయాడు, భూమి సగం బీడు పడింది. అనంత్ రావు ఊళ్లోవాళ్లందరికీ ఒకటే చెప్పాడు. తనను దొరా అని పిలవొద్దు, తాను పోస్టుమాస్టరును, సారు అంటే చాలు. మెత్తటి మనిషి. రాజమౌళి పంపిన మనియార్డరు కోసం భూలక్ష్మి పోతే నిలబెట్టకుండా బెంచీ చూపించేవాడు. ఆ గదిలో బెంచీ మీద కూర్చున్న మొదటి సాలె ఆడది తానేనని ఆమెకు లోలోపల గర్వంగా ఉండేది.

ఒకరోజు ఆయన చంటిబిడ్డ ఎట్లా పుట్టిందో అడిగాడు. ఆమె వాగు సంగతి, చీరల సంగతి, లసుమవ్వ అన్న మాట చెప్పింది. ఆయన అంతా విని, నీకు రాయడం వచ్చు గదా, ఒక పని చేస్తావా అన్నాడు.

ఆ పని పోస్టాఫీసు పొదుపు ఏజెంటు పని. ఇల్లిల్లూ తిరిగి నెలకు పది రూపాయల చొప్పున వసూలు చేసి పోస్టులో కట్టాలి. ఐదేళ్లకు వడ్డీతో సహా ఎవరిది వాళ్లకు వస్తుంది. ఏజెంటుకు నూటికి ఇంత అని ముడుతుంది. అంతవరకు ఆమెకు సులువుగానే అర్థమైంది. కాని ఆయన ఆగలేదు. టపా సంచి మూతి కట్టి లక్క వేస్తూ, ఆ పైసలు ఎక్కడికి పోతాయో చెప్పాడు.

"గీ సంచిల నీ పది రూపాయలు సిరిసిల్లకు పోతయి. ఆడికెళ్లి కరీంనగర్, ఆడికెళ్లి ఢిల్లీ. ఢిల్లీ సర్కారు వాటిని పెట్టెల వెట్టి తాళం వేసుకోదు బిడ్డా. మన రాష్ట్రంల ఎంత జమైతె అందుల మూడు పాళ్లకు రెండు పాళ్లు మళ్ల మన రాష్ట్రానికే అప్పిస్తది. గా అప్పుతోటి బడులు కడ్తరు, కాలువలు తవ్వుతరు, దవాఖాన్లు లేపుతరు. నీ పది నీదే. మిత్తితోటి నీ ఇంటికే వస్తది. నడుమల సర్కారు పని అయితది."

ఆ ఏడాది మండలంలో ఆడవాళ్ల పేరు మీద ఎక్కువ ఖాతాలు తెరిచిన ఊరికి సర్కారు ఖర్చుతో ఒక గది కట్టిస్తామని పొదుపు శాఖ అధికారి మాట ఇచ్చాడని కూడా ఆయన చెప్పాడు. ఏం గది కావాలో ఊరే అడగొచ్చట. భూలక్ష్మి ఇంటికి వచ్చేసరికి ఆ గది ఆమె కళ్ల ముందు కట్టి ఉంది. నాలుగు గోడలు, ఒక లైటు.

సాలెవాడలో పది రూపాయలు అడగడం తేలికైన పని కాదు. సర్కారు పైసలు అడిగితే మళ్లీ ఇస్తుందని నమ్మినవాళ్లు లేరు. ఢిల్లీ అంటే ఎంత దూరమని ఒకామె, అక్కడి నుంచి పది రూపాయలు నడిచి వస్తాయా బస్సుకు వస్తాయా అని ఇంకొకామె. పక్కింటి శంకరవ్వ నోరు పెద్దది. తన మొగుడే తీసుకున్న పైసలు ఇవ్వడు, ఎప్పుడూ చూడని సర్కారు ఇస్తదా అని వాడంతా నవ్వించింది. భూలక్ష్మి వాళ్లకు నాడె సంగతి చెప్పింది. మగ్గం మీద నాడె అటు పోతుంది, ఇటు వస్తుంది. పోయిన నాడె పోయినట్టే ఉండదు, తిరిగి చేతికే వస్తుంది. కాని అది పోయి వచ్చిన ప్రతిసారీ నడుమ ఒక పోగు బట్ట మిగులుతుంది. మన పది రూపాయలు నాడె. కాన్పుల గది బట్ట.

ఆ మాట వాళ్లకు ఎక్కింది. పుట్టినప్పటి నుంచి నాడె చప్పుడు విన్నవాళ్లు. మొదట లసుమవ్వ తమలపాకుల సంచి దులిపి, నలిగిన పది రూపాయల నోటు తీసి ఇచ్చింది. తర్వాత ఇంకొకామె. చివరికి శంకరవ్వ కూడా వచ్చి, నోటు చాటలో పడేసి, గది కట్టేదాకా తనకు కడుపు రాకుండా చూడమని దేవునికి కూడా ఒక దరఖాస్తు రాయమంది. ఎనిమిది నెలల్లో ఇరవై రెండు ఖాతాలు. తనతో కలిపి ఇరవై మూడు. వసూలు చేసినప్పుడల్లా భూలక్ష్మి సంతకం పెట్టే కార్డులు ఎవరివి వాళ్ల దగ్గర ఉండేవి. పాసుబుక్కులు మాత్రం ఇంట్లో ఉంచుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. అన్నలు చూస్తే చందా అడుగుతారని, పోలీసులు చూస్తే ఈ పైసలు ఎవరిచ్చారని అడుగుతారని భయం. అన్నీ భూలక్ష్మి దగ్గరే, ఒక బిస్కెట్ల డబ్బాలో.

ఖాతాల లెక్కలో ఊరు మొదటిదైందని అనంత్ రావు చెప్పిన రోజు వాడంతా ఆమె గడప దగ్గర చేరింది. గది ఎక్కడ కట్టాలి, తలుపు ఏ దిక్కు పెట్టాలి, లైటు ఒకటా రెండా అని మాటలు నడిచాయి. అప్పుడు లసుమవ్వ ఒక కోరిక కోరింది. వేములవాడకు పోతే గుడి మెట్ల మీద, అరుగుల బండల మీద పైసలిచ్చినవాళ్ల పేర్లు చెక్కి ఉంటాయి. తాను ఎన్నోసార్లు వాటి మీద కాలుపెట్టకుండా పక్కకు జరిగి నడిచింది. అన్నీ మగవాళ్ల పేర్లేనని భూలక్ష్మే ఒకసారి చదివి చెప్పింది.

"నా పేరు ఓట్ల కాయితంల ఉన్నది, మళ్ల యాడ లేదు," అంది లసుమవ్వ. "గంత మంది పిల్లలను భూమ్మీదికి తెచ్చిన. గా గదికి ఒక బండ వెట్టి మా పేర్లు చెక్కుమనుండ్రి. సదువు రాకున్నా చేతితోటి తడిమి సూసుకుంట."

అందరికీ ఆ కోరిక నచ్చింది. కాన్పుల గది కావాలన్న దరఖాస్తుతో పాటు పేర్ల జాబితా కూడా జత చేయాలని అప్పటికప్పుడు తీర్మానం అయింది. భూలక్ష్మి తెల్లకాగితానికి గీతలు కొట్టి, బడిలో రాసినట్టు గుండ్రంగా రాసింది. మర్యాద కోసం మొట్టమొదట అనంత్ రావు పేరు, పోస్టుమాస్టరు అని. ఆ తర్వాత పెద్దది కాబట్టి లసుమవ్వ. తర్వాత వయసు ప్రకారం అందరూ. అట్టడుగున గీత కొట్టి, పొదుపు సేకరణ, భూలక్ష్మి. రాసినదాన్ని మూడుసార్లు చదివి వినిపించింది. ఎవరి పేరు వచ్చినప్పుడు వాళ్లు సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అనంత్ రావు కాగితం తీసుకుని, తన పేరు మొదట చూసి, ఎందుకు బిడ్డా ఇదంతా అని నవ్వాడు.

రెండు నెలల్లో గది పని మొదలైంది, అదీ పోస్టాఫీసు ఎదురుగానే. ఇంత తొందరగా సర్కారు పని ఎప్పుడూ చూడలేదని జనం అబ్బురపడ్డారు. గోడలు మూరెడు మందం లేచాయి. లసుమవ్వ రోజూ పోయి చూసొచ్చేది. ఒకరోజు వచ్చి కిటికీలు మరీ ఎత్తులో పెట్టారంది. నిలబడితే మనిషికి అందనంత ఎత్తులో, చెయ్యెడు వెడల్పున ఉన్నాయట. కాన్పు గదికి గాలి కావాలి గాని ఇదేం గాలి అని ఆమెకు అనుమానం. భూలక్ష్మి పోయి అనంత్ రావును అడిగింది. కుక్కలు దూరకుండా, లోపలివాళ్లు బయటికి కనబడకుండా ఇంజనీర్లు అట్లా వేశారని ఆయన చెప్పాడు. ఆమెకు ఆ మాట నిజమే అనిపించింది. ఆడవాళ్ల సిగ్గు గురించి ఇంజనీరు కూడా ఆలోచించాడని ఇంటికి వచ్చి మెచ్చుకుంది. తర్వాత ఆ మెచ్చుకోలు తలుచుకున్నప్పుడల్లా తన నోటిమీద తానే కొట్టుకోవాలనిపించేది.

ప్రారంభం రోజు ఆడవాళ్లందరూ తలలు దువ్వుకుని, పెట్టెలోని చీరలు కట్టుకుని వచ్చారు. లసుమవ్వ కొత్త కత్తెర, నూలు ఉండ, శుభ్రమైన గుడ్డలు ఒక మూటలో కట్టుకుని తెచ్చింది. ఎవరైనా ఈ రోజే నొప్పులు తెచ్చుకుంటే బాగుండునని శంకరవ్వ అంటే, నీకే తెప్పిస్త ఆగు అని లసుమవ్వ అంది. ఇంకా నవ్వుతూనే ఉన్నారు, వాగు దాటి రెండు పోలీసు వ్యాన్లు వచ్చాయి. ఏదో బందోబస్తు అనుకున్నారు. వ్యాన్ల నుంచి మంచాలు దిగాయి, ఇసుక బస్తాలు దిగాయి, ఇనుప ముళ్లతీగె చుట్టలు దిగాయి. అప్పటికి కూడా భూలక్ష్మి మనసు ఒప్పుకోలేదు. మంచాలు కాన్పుల కోసమే అనుకుంది.

ఎస్సై బండ మీది గుడ్డ లాగాడు. పైన పోలీసు ఔట్‌పోస్టు అని పెద్ద అక్షరాలు. కింద, ఈ గ్రామ మహిళల పొదుపు సహకారంతో అని. దాని కింద పేర్లు. ఆయన మంచి గొంతుతో ఒక్కొక్క పేరూ చదివాడు. ఈ ఆడవాళ్లు ఊరికి ఆదర్శమన్నాడు. సర్కారుకు ఇంతమంది అక్కచెల్లెళ్లు అండగా ఉండగా అడవిలోని వాళ్లు ఏం చేయగలరన్నాడు. చివరి పేరు చదివి, భూలక్ష్మి ఎవరో ముందుకు రావాలన్నాడు. ఎవరో ఆమెను తోశారు. ఆయన అందరి ముందు ఆమెకు గ్లాసుడు చాయ ఇప్పించాడు. ఆ గ్లాసు పట్టుకుని నిలబడి ఆమె బండ వైపే చూసింది. లసుమవ్వ పేరు మొదట ఉంది. అనంత్ రావు పేరు లేదు. పై నుంచి కిందికి చూసింది, కింది నుంచి పైకి చూసింది. ఇరవై నాలుగు పేర్లు రాసింది తను. బండ మీద ఇరవై మూడే ఉన్నాయి.

చాయ తాగకుండానే చల్లారిపోయింది.

ఆ సాయంత్రమే శంకరవ్వ కార్డు తెచ్చి చాటలో విసిరింది. తన పైసలు తనకు ఇచ్చేయమంది. వెనక ఇంకా పది మంది ఉన్నారు. ఖాతా మూడేళ్లు నిండకుండా మూసివేయడానికి లేదని భూలక్ష్మి చెప్పాల్సి వచ్చింది. పైసలు ఎక్కడికీ పోవని, పోస్టులో భద్రంగా ఉన్నాయని చెప్పింది. అది నిజమే. ఒక్క పైసా పోలేదు. కాని ఆ నిజం ఆ గడపలో ఎవరికీ పనికిరాలేదు.

"నాడె వోయి వస్తదంటివి," అంది శంకరవ్వ. ఈసారి ఆమె ఎవరినీ నవ్వించడానికి అనలేదు. "బట్ట నేసింది మేము. తొడుక్కున్నది ఖాకీ వాళ్లు. నువ్వు సదువుకున్నదానివి, నీకు ముందుగాల తెల్వదంటె మేము నమ్మాల్నా?"

భూలక్ష్మి బిడ్డ తల మీద ఒట్టు పెట్టబోయింది. లసుమవ్వ చెయ్యి పట్టి ఆపింది, పసిపిల్లను ఇందులోకి లాగొద్దంది.

నాలుగో రోజు పొద్దున బడి గోడ మీద ఎర్రమన్నుతో రాత కనిపించింది. ఠాణాకు పైసలు పోగుచేసినవాళ్లు ప్రజల ముందు జవాబు చెప్పాలని ఉంది. పేర్లు ఏమీ లేవు. పేర్లు రాయాల్సిన అవసరం ఎవరికీ లేదు, అవి అప్పటికే బండ మీద ఉన్నాయి. పోలీసులు ఆ రాత చూసి సున్నం పూశారు. ఆ తర్వాత ఎస్సై కబురు పంపాడు. ఎవరైనా బెదిరిస్తే తనకు వచ్చి చెప్పమని. ఆ కబురు తెచ్చిన కానిస్టేబులు ఆమె ఇంటి ముందు గడియసేపు నిలబడి వాడంతా వినేటట్టు చెప్పిపోయాడు. ఇక ఆమె ఏమీ చెప్పకపోయినా చెప్పినట్టే అయింది.

ఆమె బిడ్డను చంకనేసుకుని పోస్టాఫీసుకు పోయింది. బెంచీ మీద చాపలు, గిన్నెలు, కట్టిన పరుపులు ఉన్నాయి. కూర్చోవడానికి చోటు లేదు. అనంత్ రావు ఉత్తరాలు తూచే చిన్న త్రాసును గుడ్డలో చుడుతున్నాడు. కోరుట్లలో ఉన్న తమ్ముని కొడుకు శశిధర్ రావు దగ్గరికి పోతున్నానని, కొన్నాళ్లు పోస్టు వాగు అవతలి ఊరికి మారుతుందని ఆమె అడగకముందే చెప్పాడు.

"సారూ," అంది ఆమె, "కాయితం మీద మొదటి పేరు మీది. నా చేతితోటి రాసిన. బండ మీద ఎందుకు లేదు?"

ఆయన త్రాసు చుట్టడం ఆపలేదు. "చెక్కెటోడు జాగ చాలదన్నడు బిడ్డా."

"మీ ఒక్క పేరుకే చాలలేదా?"

బిడ్డ చెయ్యి చాచి బల్ల మీది పోస్టు ముద్రను అందుకోబోయింది. ఆయన అలవాటుగా దాన్ని పక్కకు జరిపాడు. తర్వాత కూలబడ్డట్టు పరుపు మీద కూర్చున్నాడు. దాచేదేముందిలే అన్న మనిషిలాగ నెమ్మదిగా చెప్పాడు. గోడలు లేవకముందే తనకు తెలుసట. దవాఖాన పద్దులో పైసలు లేవని, పోలీసు పద్దులో ఉన్నాయని పై నుంచి చెప్పారట. సర్కారు అప్పు తెచ్చుకున్నాక దాన్ని ఏ పద్దు కింద పెట్టాలో సర్కారు ఇష్టమని, పోస్టు పని పైసలు చేర్చడం వరకేనని ఆయన అన్నాడు. ఇంటి ఎదురుగా ఠాణా ఉంటే తనకూ కాస్త ధైర్యమని కూడా అనుకున్నాడట.

"మాకొక్క మాట చెప్పకపోతిరి."

"చెప్తె మీరు పైసలు కట్టుడు బందువెడ్తరు. లెక్క తప్పుతది. నా మీదికి వస్తది."

"మీ పేరు తీపిచ్చుకునేటప్పుడు మా పేర్లు యాదికి రాలేదా సారూ?"

ఆయన త్రాసు చుట్టిన గుడ్డకు ముడి వేశాడు. "ఆడోళ్లను ఎవరేమంటరు తీయనుకున్న," అన్నాడు. "నాకు ఇంట్ల పిల్లలున్నరు."

భూలక్ష్మి చంకలోని బిడ్డను ఇటు చంక నుంచి అటు చంకకు మార్చుకుంది. బండ తీయించమని అడుగుదామని వచ్చింది. సర్కారు బండను ముట్టుకుంటే కేసవుతుందని ఆయన ముందే గ్రహించి చెప్పాడు. ఆమె తలుపు దాకా పోయి వెనక్కి తిరిగింది.

"పోయొస్త దొరా," అంది.

ఆయన ముఖం మీద ఎవరో చన్నీళ్లు చల్లినట్టయింది. ఆమె ఆగి చూడలేదు.

వారం తిరగకముందే రాజమౌళి వచ్చాడు. సిరిసిల్లలో మగ్గాల దగ్గర కూడా ఆ బండ సంగతి మాట్లాడుకుంటున్నారని, ఇక ఒక్క రోజు కూడా ఈ ఊళ్లో ఉండొద్దని అన్నాడు. ఆమె మీద కోపం చేయలేదు. అది ఆమెకు ఇంకా కష్టంగా ఉంది. మూటలు కడుతుంటే లసుమవ్వ వచ్చింది. చేతిలో కొత్త చీపురు ఉంది. ఠాణా ఊడ్చే పనికి కుదిరానని చెప్పింది. భూలక్ష్మి చేతిలోని చీర జారిపోయింది. అన్నలు చూస్తే ఏమంటారు, ఊరు ఏమంటుంది, ఈ వయసులో నీకిదేం బుద్ధి అని అడిగింది.

లసుమవ్వ గడపలో కూర్చుని తమలపాకుల సంచి విప్పింది. అందులో సున్నం డబ్బాతో పాటు ఇంకో చిన్న డబ్బా ఉంది. గది కట్టినప్పుడు మిగిలిన సిమెంటు పిడికెడు. ఇంకా విరిగిన బీడీల కత్తెర ముక్క ఒకటి. ఆమె చేయబోయేది చెప్పింది. ఊడ్చేటప్పుడు వంగి, కత్తెర మొనతో ఒక అక్షరంలోని నల్లరంగు గీకి, సిమెంటులో ఇంత సున్నం కలిపి వేలితో పూడ్చి, తడి గుడ్డతో తుడిచేస్తుంది. రోజుకు రెండక్షరాలు, మూడక్షరాలు. రంగు లేకపోతే బూడిద బండ మీద బూడిద సిమెంటు ఎవరికి కనబడుతుందట. చదువు రాదు కాబట్టి ఏ వరుస ఎవరిదో ఆమెకు తెలియదు. అదొక్కటి చెప్పమని వచ్చింది.

"పోలీసోల్లు జూస్తరు గదా అవ్వా."

"ఊడ్సే ముసల్దాని దిక్కు ఎవడు జూస్తడే," అంది లసుమవ్వ. "ముందుగాల అడుగున ఉన్న నీ పేరు. వంగితె చేతికే అందుతది. నాది పైన ఉన్నదంటివి గదా, అది ఆఖరికి. మొదటి పేరు పోతె ఎవలన్న గుర్తువడ్తరు. నీ బిడ్డను నేనే వట్టుకున్న. దాని తల్లి పేరు నేనే చెరిపేస్త."

భూలక్ష్మి పొయ్యిలోని బొగ్గుతో నేల మీద గీతలు గీసి, పై నుంచి కిందికి ఒక్కొక్క వరుస ఎవరిదో చెప్పింది. లసుమవ్వ వేలితో ముట్టుకుంటూ, పేరు పైకి అంటూ మూడుసార్లు వల్లించింది. మొదటి వరుస మీద వేలు పెట్టినప్పుడు మాత్రం ఏమీ అనలేదు. బండ మీద తన పేరును తడిమి చూసుకోవాలని కోరిన మనిషి ఆమే. కొంతసేపు వేలు అక్కడే ఉంచి, తర్వాత అరచేత్తో గీతలన్నీ తుడిచేసింది.

భూలక్ష్మి ఊరు విడిచి ఇప్పటికి ఐదు నెలలు. సిరిసిల్లలో ఒక గది, పక్క గోడకు అవతల ఇరవై మగ్గాల చప్పుడు. బిడ్డ నడక నేర్చింది. బిస్కెట్ల డబ్బాలోని పాసుబుక్కులు పెట్టె అడుగున భద్రంగా ఉన్నాయి. లసుమవ్వ ఖాతాలో నెలకు పది రూపాయలు తన బీడీల కూలిలోంచి తానే కడుతోంది. పోస్టాఫీసు కిటికీ దగ్గర నోటు ఇచ్చిన ప్రతిసారీ ఇది దేనికి పోతుందో అన్న ప్రశ్న నాలుక దాకా వస్తుంది. అడగదు. ఐదేళ్లకు మాత్రం అది లసుమవ్వ పైసలుగా తిరిగి రావాలి, అంతే.

మొదటి నెలలో శంకరవ్వ మొగుడు మగ్గాల దగ్గర రాజమౌళికి ఒక మాట చెప్పాడు. బండ మీద అడుగు వరుస కనబడడం లేదని ఊళ్లో గుసగుసగా ఉందట. రెండో నెలలో సగం పేర్లు లేవన్నాడు. మూడో నెలలో ఠాణా మీద కాల్పులు జరిగాయని, సాలెవాడ చాలావరకు ఖాళీ అయిందని చెప్పి, తన పెళ్లాంపిల్లలను కూడా తెచ్చేసుకున్నాడు. తాము వచ్చేనాటికి లసుమవ్వ ఇంట్లోనే ఉందని శంకరవ్వ అంది. ఆ తర్వాత ఎవరికీ తెలియదు. భూలక్ష్మి రెండు ఉత్తరాలు రాసింది. చదివిపెట్టేవాళ్లు లేని ఊరికి ఉత్తరం రాయడం ఎంత పిచ్చిపనో రాసేటప్పుడే తెలుసు, అయినా రాసింది. జవాబు రాలేదు. పోదామంటే రాజమౌళి వద్దంటాడు. నీ పేరు చెరిగినా ముఖం చెరగదు గదా అంటాడు. ఆ మాట నిజమే, అందుకే ఆమె ఆగిపోయింది.

ఇది చదివేవాళ్లలో ఎవరైనా గంభీరావుపేట దిక్కు పోయే పనుంటే, వాగులో నీళ్లు తక్కువున్న రోజు చూసి ఎర్రవాగుపల్లెకు పోండి. సాలెవాడలో చివరి ఇల్లు, గడప ముందు పాత రాట్నం చక్రం ఆనించి ఉంటుంది. లసుమవ్వా అని గట్టిగా పిలవండి, కుడి చెవి సరిగా వినబడదు. పొయ్యి వెలుగుతుందో లేదో చూడండి. ఉంటే, నీ పాసుబుక్కు భూలక్ష్మి దగ్గర పదిలంగా ఉంది, ఇక ఆ చీపురు పడేసి సిరిసిల్లకు రమ్మంది అని చెప్పండి. లేకపోతే పక్కవాళ్లను అడగండి, దాచకుండా చెప్పమనండి. రాతి మీద పేర్లు ఎన్ని మిగిలాయో తర్వాత చూడొచ్చు. ముందు ఆమెను చూసి రండి.